లుసుంగు ఆడిన కార్ల ఆట

మ్జూజు,
ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చాక.

చిరంజీవి తమ్ముడు వొంగానికి, అక్క తియోంగే దీవించి రాస్తున్నది. దేవుడి దయవల్ల అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఒంట్లో నలతేమీ లేకుండా ఉన్నావని తలచుకుంటూ కూర్చున్నాను.

పాస్టరు గారు నీ ఉత్తరం తెచ్చి అమ్మ చేతికే ఇచ్చారు. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. దగ్గు తగ్గిందని రాసిన ముక్క మాత్రం ఇంకోసారి చదవమంది. తగ్గిందని నువ్వు రాస్తావని, కానీ తగ్గి ఉండదని ఆవిడ గట్టి నమ్మకం. ఛాతీకి రాసుకునే మందు, ఎండబెట్టిన ఉసిపా చేపలు ఈస్టరుకి నేను వచ్చేటప్పుడు తెస్తాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గుడి దాకా నా భుజం పట్టుకుని నడుస్తుంది, దారి పొడుగునా నా నడక బాగాలేదని తిడుతుంది. ఇంటి కప్పు రేకులు మార్పించాం, ఈ వానకి కారలేదు. వాన ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఆగలేదు. మొక్కజొన్న సగం నీళ్ళలో నిలబడి కుళ్ళిపోయింది.

ఇక ఆటల సంగతి. పొద్దుగూకితే మీ గదిలో వాళ్ళంతా నీ చుట్టూ చేరి, టీవీ ఆటల్ని కథలాగా చెప్పించుకుంటున్నారని, నీ దగ్గరున్న పాతవన్నీ అయిపోయాయని రాశావు. చదివి నవ్వుకున్నాను. అందుకని ఓపిగ్గా రాస్తున్నా. ఇవి ఆటల కొట్టు నడిపేదాని మాటలు కావు, ఆడేదాని మాటలు. పొద్దున తెరిచాక బడులు వదిలేదాకా ఎవరూ రారు గదా, కరెంటు ఉన్నంతసేపూ నేనే కూర్చుంటాను.

ఫుట్‌బాల్ ఆట కొత్తది వచ్చింది. ఊరంతా దాని మీదే పడ్డారు గానీ నాకంతగా నచ్చలేదు. ఆటగాళ్ళ మెడ మీద చెమట కూడా కనపడేలా చేశారు, సరే. కానీ బంతి కాలికి జిగురు రాసినట్టు అతుక్కునే ఉంటుంది. పాతదాంట్లో ఎంత మొనగాడికైనా బంతి జారిపోయేది. ఆ జారిపోవడంలోనే సగం సరదా. మన దేశం జట్టు ఇందులోనూ లేదు. మనవాళ్ళు ఇంకెవరిదో ఎర్రచొక్కా జట్టుని తీసుకుని, వాళ్ళకి మన ఆటగాళ్ళ పేర్లు పెట్టుకుని, ఓడిపోతే ఆ పేర్లనే తిట్టుకుంటున్నారు.

తన్నుకునే ఆట నాకు బాగా వచ్చేసింది. బస్సు డిపో వెనక వడ్రంగులు నాతో కూర్చోవడం మానేశారు, పరువు పోతోందట. చేతివాటం ఉంటే చాలు, బుర్రతో పని లేదు. కాకపోతే కిందపడ్డవాడు తరువాతి ఆటకి లేచి నిలబడతాడు, ఒంటి మీద గీతైనా ఉండదు. ఒకప్పుడు దాని గురించి ఆలోచించేదాన్ని కాదు. ఇప్పుడు వాడు లేచినప్పుడల్లా చూపు తిప్పుకుంటున్నాను.

సేద్యం ఆట ఒకటుంది. ట్రాక్టరు తోలాలి, విత్తాలి, కోయాలి, అమ్మాలి. కుర్రకారుకి నచ్చదు. కొడుకుని వెతుక్కుంటూ వచ్చిన సంఘపెద్ద కలిరాని గారు మాత్రం దాన్ని చూసి అలాగే కూర్చుండిపోయారు. కాసేపయ్యాక, "అమ్మాయ్, వీళ్ళకి ఎరువు అడిగిన రోజునే వస్తోందే. ఏ దేశం ఇది? బస్సు ఎక్కడ ఎక్కాలి?" అన్నారు. ఇప్పుడు కొడుకు వద్దన్నా వస్తున్నారు. నన్నడిగితే ఇన్నింట్లోకీ ఇదే మంచి ఆట. తొందరపెట్టదు. చేసిన పనికి ఫలితం చూపిస్తుంది. వాన అదునుకి కురుస్తుంది. ఆ పొలంలో ఎవరూ జబ్బు పడరు, ఎవరినీ పూడ్చిపెట్టరు. అందుకే కాసేపటికి అది కూడా బెంగగా అనిపిస్తుంది.

భయపెట్టే ఆటలో చీకటింట్లో దీపం పట్టుకుని తిరగాలి. సగం దాకా చాలా బాగుంది. దయ్యం కనపడనంతసేపూ గుండె నోట్లోకి వస్తుంది. కనపడ్డాక దానికీ ఓ ఏడుపు, ఓ గతం, జాలేస్తుంది. అక్కడితో భయం చచ్చిపోతుంది. మొన్న సరిగ్గా మేడమెట్లు ఎక్కుతుంటే నిజంగానే కరెంటు పోయింది. కొట్లో ఉన్న మగాళ్ళందరూ కేక పెట్టారు. ఎవరికి వాళ్ళు తాము కాదంటారు.

అమ్మ కూడా ఆడుతోంది, తెలుసా. నా పాత ఫోనులో పైనుంచి ముక్కలు పడుతుంటాయే, వరసలు పేర్చేది, అది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని గంటలకొద్దీ కూర్చుంటుంది. ఎలా ఉందమ్మా అంటే, "ఇందులో గెలవడమన్నది లేదే. ఎంతసేపు తట్టుకుంటామన్నదే" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

కార్ల ఆట గురించి రాయలేదేమని అనుకుంటుంటావు. అందులో నువ్వు రాజువి. మొన్నమొన్నటిదాకా తెర మీద నీ పేరే అందరికంటే పైన ఉండేది. దాని గురించి రాయాలంటే ఇంతకాలం నీకు రాయకుండా దాచిన సంగతి రాయాలి. మూడు ఉత్తరాలుగా వాయిదా వేశాను. ఇక వేయలేను.

క్రిస్మసుకి ముందు ఒక పొద్దున, మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటూ ఒక అమ్మాయి కొట్టు గుమ్మం ముందు ఆగింది. ఒళ్ళో గుడ్డ కప్పుకుని ఉంది, గుడ్డ కింద మోకాళ్ళ దగ్గర నుంచి ఏమీ లేదు. కోర్టులో చూసిన మొహమే. గుర్తుపట్టాను. సరస్సు వైపు దిగే ఘాట్ రోడ్డులో, వంపు దగ్గర, టమాటాలమ్మే ముసలాయన పక్కన బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి. నీ బండి గుద్దిన దెబ్బకి ముసలాయన అక్కడికక్కడే పోయాడు. ఈ పిల్ల బతికింది.

"నువ్వు ఆ డ్రైవరు అక్కవని తెలిసే వచ్చాను" అంది ముందే. "వాడు కార్లు తోలడం మొదట నేర్చుకున్నది ఈ కొట్లోనేనట గదా. ఆ ఆటేదో నాకు చూపించు."

గుమ్మం మెట్టు మీదుగా బండి ఎత్తి లోపలికి తెచ్చాను. రిమోటు చేతికిచ్చి, ఏ మీట ఏం చేస్తుందో చూపించాను.

ఆ తరువాత ప్రతి వారమూ చాలా రోజులు వచ్చేది. తన పేరు లుసుంగు నిరెండా. జడలు అల్లే పని నేర్చుకుంటూ ఉండేదట, ఆ రోజు అందుకే ఊళ్ళోకి బయలుదేరింది. ఇప్పుడు ఇంటి దగ్గరే అల్లుతోంది గానీ ఎక్కువసేపు కూర్చుంటే వీపు కింద పుండ్లు లేస్తున్నాయంది. కార్ల ఆటలో నత్తలా వెళ్ళేది. ప్రతి వంపు ముందూ ఆపేది. కొండ అంచులో, దారి పక్కన జెండాలు ఊపుతూ నిలబడ్డ బొమ్మ మనుషుల దగ్గర మరీ నెమ్మదించేది. వడ్రంగుల్లో ఒకడు ఉండబట్టలేక, "చెల్లెమ్మా, కారు తోలుతున్నావా, శవాన్ని సాగనంపుతున్నావా?" అన్నాడు.

"నీ శవమేలే అన్నా. కుదుపు తగలకుండా తీసుకెళ్తున్నా" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తమ్ముడూ, ఆ పిల్లంటే నాకు ఇష్టం ఏర్పడిపోయింది. నీకు ఇది చదవడం కష్టమని తెలుసు. మధ్యాహ్నం న్సిమా, అదే మన మొక్కజొన్న ముద్ద, ఇద్దరం ఒకే గిన్నెలో తినేవాళ్ళం. నేను చేసే కూరలో ఉప్పు తక్కువని వంక పెట్టేది. తన ఎదురుగా నీ పేరు నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు.

రాను రాను వేగం పెంచింది. నాతో చెప్పి పెంచలేదు, నేనే గమనించాను. వంపుల దగ్గర ఆపడం మానేసింది. బొమ్మ మనుషుల దగ్గర నెమ్మదించడం మానేసింది. కొత్త సంవత్సరం వచ్చాక ఒక పొద్దున, కొట్లో మేమిద్దరమే ఉండగా, మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారీ వేగం తగ్గించకుండా తోలింది. తెర మీద నీ పేరు కిందకి దిగి తన పేరు పైకి వచ్చింది. చప్పట్లు కొట్టబోయాను. తన మొహం చూసి ఆగిపోయాను.

రిమోటు ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు చూస్తూనే చెప్పింది.

"అక్కా, ఆ రోజు అద్దంలోంచి అతని మొహం నాకు కనిపించింది. అతను కూడా నన్ను చూశాడనుకున్నాను. నన్ను చూసి కూడా వచ్చాడే అని ఇన్నాళ్ళూ మండిపోయాను. ఇప్పుడు తెలిసింది. ఈ వేగంలో మనిషి కనపడడు. రంగు కనపడుతుంది, అది కూడా పక్కకి గీతలా పోతుంది. నేను ఆ రోజు నడుముకి పసుపు చీటెంజే గుడ్డ చుట్టుకున్నాను. అతనికి నేను ఓ పసుపు గీతని, అంతే."

మళ్ళీ తనే, "ఇది ముందటిదానికంటే మేలో, ఇంకా ఘోరమో నాకు తెలీడం లేదు" అంది.

బండి మెట్టు దించి రోడ్డు దాకా తోసుకెళ్ళి పంపించాను. అదే తను ఆడిన ఆఖరాట.

పుండ్లు ముదిరి చీము రక్తంలోకి పోయిందట. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారికి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, ఒళ్ళు పొయ్యిలా కాలిపోతోంది. వానలు ఇంకా కురుస్తుండగానే లుసుంగు చనిపోయింది, తమ్ముడూ. మట్టికి నేను వెళ్ళాను. అమ్మ వెళ్ళొద్దంది, రాళ్ళేస్తారంది. ఎవరూ వేయలేదు. ఆడవాళ్ళ వెనక నేల మీద కూర్చున్నాను, వంటకి నీళ్ళు మోశాను. గుంటలోకి నీళ్ళు ఊరుతుంటే మగవాళ్ళు బకెట్లతో తోడుతూనే ఉన్నారు.

ఇప్పుడు సంతకం సంగతి. ముసలాయన కొడుకులు అభ్యంతరం లేదని రాసిచ్చేశారు, లుసుంగు ఇంటివాళ్ళది కూడా వస్తే నీ క్షమాభిక్ష అర్జీ నిలబడుతుందని నీ లాయరు చెప్పాడన్నావు. సమయం చూసి అడుగుతానని నేను రాశాను. సమయం చాలాసార్లు దొరికింది. ఆ పిల్ల నా పక్కనే కూర్చుని నా గిన్నెలో తింది. నేను అడగలేదు. అమ్మ రోజూ పోరింది, వాడి దగ్గు ఆ జైలు చలిలో తగ్గదే, నోరు తెరిచి ఒక్క మాట అడగలేవా అని ఏడ్చింది. అయినా అడగలేదు. నా నోట ఆ మాట రాలేదు. నువ్వు నన్ను క్షమించకపోతే క్షమించకు.

పోయిన గురువారం వాళ్ళమ్మ న్యాగోండ్వే గారు కొట్టుకి వచ్చారు. బూడిదరంగు గుడ్డ తలకి చుట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచారు. ఆడుతున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేచి బయటకి వెళ్ళిపోయారు.

"నా బిడ్డ ఇక్కడ ఏం చేసేదో చూపించమ్మా" అన్నారు.

కార్ల ఆట పెట్టాను. రిమోటు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకున్నారు. కారు కదిలి, కాస్త దూరం పోయి గోడకి గుద్దుకుని ఆగింది. వెనక్కి తీసుకోవడం తెలియలేదు. నేను చెప్పబోతే వద్దన్నట్టు తల ఊపారు. తెర మీద పైనున్న పేరు వేలితో చూపించి, "ఇది మా పిల్లదేనా?" అని అడిగారు. అవునన్నాను. ఆవిడకి చదువు రాదు, అక్షరాల ఆకారాన్ని బట్టి పోల్చుకున్నారు.

తరువాత అడిగారు: "మీ తమ్ముడు నీకు ఉత్తరాలు రాస్తాడా?"

"రాస్తాడమ్మా."

"నా బిడ్డ ఎలా ఉందని ఎప్పుడైనా అడిగాడా?"

వొంగాని, అబద్ధం చెప్పడం ఎంత సులువో నాకు తెలుసు. ఒక్క మాట. అడుగుతూనే ఉంటాడమ్మా అంటే, ఆవిడ సంతకం పెట్టేవారేమో కూడా. నీ ఉత్తరాలన్నీ నా తలలో గిర్రున తిరిగాయి. కేసు గురించి ఉంది, సంతకం గురించి ఉంది, 'ఆ అమ్మాయి తరఫువాళ్ళు' అని ఉంది. పేరు లేదు. ఎలా ఉంది అన్న మాట లేదు.

"లేదమ్మా, అడగలేదు" అన్నాను.

ఆవిడ నా మీద కోప్పడలేదు. రిమోటు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచారు.

"అయితే ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండనీ" అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆవిణ్ణి వెనక్కి పిలవలేదు. ఇకమీదట కూడా ఆ గడప ఎక్కి సంతకం అడగను. అమ్మకి ఈ సంగతి చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, కానీ అన్నం మాత్రం వేరుగా వండుకోలేదు. కార్ల ఆటని కొట్లోంచి తీసేశాను. ఎక్కడ పెట్టానో ఎవరికీ చెప్పలేదు.

నీ మీద ప్రేమ లేక ఇలా రాశానని అనుకోకు. ఈ ఊళ్ళో నిన్ను చూడడానికి అంత దూరం వచ్చేది నేనొక్కదాన్నే, వస్తూనే ఉంటాను. జవాబు రాయాలనిపిస్తే నాకు రాయొద్దు. న్యాగోండ్వే గారికి రాయి. ఆవిడకి చదివి వినిపించేది నేనే అవుతాను గనక, నన్ను దృష్టిలో పెట్టుకుని మాత్రం రాయకు. ఏం రాయాలో నేను చెప్పను.

గుండెకి చలి తగలనీయకు.

ఇట్లు,
నీ మేలు కోరే
అక్క తియోంగే.