అద్దె గొంతు

గాజువాక

మా మేడమీద అద్దెకుండి పుణె వెళ్ళిపోయిన సాయిశంకర్‌కు, మీ చలమయ్య మావయ్య దీవెనలు.

ఫోన్‌లో మెసేజ్ పెట్టొచ్చు కానీ, ఇంత దిగులు బొటనవేలితో రాయలేను నాయనా.

గొంతు ఆపరేషన్‌కు ముందు నా మాటలు రికార్డు చేసి, టైపు చేస్తే నా గొంతుతోనే పలికే ప్రోగ్రాం రాసిచ్చావు కదా. ఆ పాత కంప్యూటర్ కిందటేడు చచ్చిపోయింది. మా ఆశాజ్యోతి కొత్త లాప్‌టాప్ కొనిచ్చింది. దీని ప్రాసెసర్ వేరే రకమట, నీ ప్రోగ్రాం తెరుచుకోనంటోంది. అందులో తయారుగా ఉన్న గొంతు పెట్టి, ఎంత స్పష్టంగా ఉందోనని అమ్మాయి మురిసిపోయింది. నేను తలూపాను.

ఎవరో చదువుకున్న కుర్రాడి గొంతది. అది పలికితే మీ అత్త జోగమ్మ పైట సర్దుకుంటుంది. కూర బాగుందని టైపు చేస్తే, నన్నెప్పుడూ నువ్వనే మనిషి, "ఇంకొంచెం ఎయ్యమంటారా" అంది. పోర్టులో క్రేన్ల మోత దాటి వినపడేలా అరిచిన గొంతురా నాది. అప్పట్నుంచి ఆవిడతో ఆ మిషను పెట్టి మాట్లాడ్డం మానేశాను. ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ఒక్కణ్ణే ఉన్నట్టుంది. నా గొంతు తిరిగొచ్చే దారి లేకపోతే ఆ ముక్క చెప్పెయ్, ఆశ వదులుకుంటాను.

చలమయ్య



గాజువాక

నాయనా సాయీ,

నువ్వు పంపింది ఎక్కించాను. కొత్త ప్రాసెసర్‌కూ పాత ప్రోగ్రాంకూ మధ్య దుబాసీ లాంటిదన్నావు, పనిచేస్తోంది. కాస్త ఆలస్యంగా పలుకుతుంది, అంతే. "జోగమ్మా" అని టైపు చేసి కూర్చున్నాను. నా గొంతు వినగానే మీ అత్త వంటింట్లోంచి వచ్చి పక్కన కూలబడింది. "మల్లీ ఓపాలి పిలు" అంది. పిలిచాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆదివారం అమ్మాయి తన కూతురు దేవిని తీసుకొచ్చింది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నా దగ్గర విన్నది లాప్‌టాప్ కుర్రాడి గొంతే. నేను గొప్పగా నా సొంత గొంతుతో "ఇలా రా తల్లీ" అన్నాను. అది వాళ్ళమ్మ వెనక దాక్కుని, నన్నూ లాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూసి, "తాతేడి?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. కాసేపటికి ఆ కుర్రాడి గొంతు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్నవాడే దానికి తాత. వాళ్ళు వెళ్ళాక మీ అత్త, "దానికా మనిసి, నాకీ మనిసి. ఇద్దర్నీ ఉండనీ" అంది.

ఉంచాను. ఈ ఉత్తరం మాత్రం నీకు గుర్తున్న గొంతుతో చదువుకో.

మీ మావయ్య,
చలమయ్య