ఆరో హోల్ చూసినవాడికి ఇల్లు

సింగ్‌భూమ్ జిల్లా జంషెడ్‌పూరులో బాగ్‌బేరా కాపురస్థుడను, రోలింగ్ మిల్లు ఫోర్‌మన్‌గా రిటైరైనవాడను, అరవై మూడేళ్ళ వయస్సు గల బలగ ముసలయ్య అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. డాక్టరు నా గుండె పని అయిపోయిందన్నాడు గానీ బుర్ర గురించి ఏమీ అనలేదు. గోల్ఫు ఆటలో ఏ ఆదివారం ఏ హోల్‌లో ఏ కర్రతో కొట్టానో ఇప్పటికీ చెప్పగలను. మతి చలించి రాశానని కోర్టుకెక్కాలనుకునేవాళ్ళు బస్సు ఛార్జీలు దండగ చేసుకోవద్దు.

1. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత మా వీధిలో ఉండే ధర్మరాజు మాస్టారిది. గోల్ఫంటే ముసలాళ్ళ గోళీలాటని ఆయన నా మొహం మీదే అన్నాడు. అందుకే ఆయన్ని నమ్ముతున్నాను.

2. నా గోల్ఫు కర్రలన్నీ, ఏడో నంబరు ఐరన్ తప్ప, వరహాలుకు చెందాలి. ఇరవై ఏళ్ళు నాతో ఆడి ఒక్క ఆదివారమూ గెలవలేదు. ఈ కర్రలతో కూడా గెలవడు. ఇన్నాళ్ళూ తప్పు కర్రలదేనని చెప్పుకున్నాడు, ఇక ఆ సాకు ఉండదు.

3. ఏడో నంబరు ఐరన్ నాతోపాటు చితి మీద పెట్టాలి. ఇనుము కాలదని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, ముప్పై నాలుగేళ్ళు ఇనుముతోనే బతికాను.

4. విలాయతీ టోర్నమెంటుల ఫలితాలు విన్న నా రేడియో ఎవరికీ ఇవ్వను. దాన్ని స్వర్ణరేఖ నదిలో పారెయ్యాలి. నా భార్య కస్తూరమ్మ పోయిన సాయంత్రం కూడా నా చెవి దానికే ఆనించి ఉంది. "కూసేపు ఆపేయండి" అంది. ఆఖరి రోజు ఆట, ఇద్దరు సమానంగా ఉన్నారు. ఆపలేదు. ఎవరు గెలిచారో ఇప్పుడు గుర్తులేదు.

5. కోడలు జానకికి నా పెద్ద గోల్ఫు గొడుగు. దాని కింద నలుగురు తడవకుండా నిలబడొచ్చు. తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే నాకు అంబలి కాచి ఇచ్చింది, ఒక్కరోజూ ఉప్పు తప్పలేదు. ఇల్లు లేకపోయినా గొడుగు ఉంటుంది.

6. ఇక ఇల్లు. నా స్వార్జితమైన ఈ రెండు గదుల పెంకుటిల్లు నా కొడుకు చిన్నారావుకు ఒక షరతు మీద చెందుతుంది. వాడు రైల్వే యార్డులో ఖలాసీ. పెళ్ళాం, ఇద్దరు పిల్లలతో వెనక గదిలో ఉంటున్నాడు. నేను వాడితో మాట్లాడి తొమ్మిదేళ్ళయింది. ఏదైనా చెప్పాలంటే "మీ ఆయనకి చెప్పు" అని జానకితో అంటాను.

కారణం తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మా మైదానంలో హోల్ చుట్టూ, అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ, గడ్డి ఉండదు, నూనె కలిపిన ఇసుక పరుస్తారు. దాన్ని బ్రౌన్ అంటాం. బంతి దొర్లితే దాని మీద చార పడుతుంది. ఆడిన తర్వాత గోనెపట్టా లాగి చదును చెయ్యాలి. 1977 డిసెంబరులో ఆరో హోల్‌లో నా మొదటి దెబ్బకే బంతి గుంటలో పడింది. అలా పడితే క్లబ్బు బోర్డు మీద పేరు రాస్తారు, కానీ చూసిన సాక్షి ఉండాలి, లేదా చారైనా ఉండాలి. వరహాలు పొదల్లో తన బంతి వెతుక్కుంటున్నాడు. ఆ రోజు నా కర్రల సంచీ మోసింది చిన్నారావు. మిగతావాళ్ళు వచ్చేలోపే వాడు పట్టా లాగి చార చెరిపేశాడు. కమిటీ పిలిచి అడిగితే "నాను సూడనేదు" అన్నాడు. నా పేరు బోర్డుకెక్కలేదు.

షరతు ఇది. నేను పోయిన ముప్పై రోజుల్లోగా చిన్నారావు క్లబ్బుకి వెళ్ళి, బంతి తనంతట తాను గుంటలో పడగా చూశానని పుస్తకంలో సంతకం పెట్టాలి. పెడితే ఇల్లు వాడిది.

7. పెట్టకపోతే ఇల్లు నా మేనల్లుడు పోలరాజుది. వాడు ఆ మైదానంలో కాలుపెట్టి ఎరగడు. అయినా కమిటీ చిన్నారావును అడిగిన ఆ వారంలోనే వచ్చి, "నాను సూసినాను మావా, సంతకం ఎక్కడ ఎట్టాలో సెప్పు" అన్నాడు. ఇల్లు చేతికొచ్చిన మర్నాడే వెనక గది ఖాళీ చేయిస్తాడు. చేయించనీ.

8. ఈ క్లాజు ఇంటివాళ్ళకి మాత్రమే. మాస్టారు క్లబ్బువాళ్ళకి చదివి వినిపించనక్కర్లేదు.

బంతి పడలేదు. జానెడు దూరంలో ఆగిపోయింది. ఎవరూ లేరనుకుని బూటు కొనతో తోశాను. తలెత్తితే పట్టా చేత పట్టుకుని చిన్నారావు నిలబడి ఉన్నాడు. పట్టా లాగాడు. చార, నా బూటు గుర్తు, అన్నీ పోయాయి.

చూశానని అబద్ధమాడి ఉంటే బోర్డు మీద నా పేరుండేది. ఉన్నది చెప్పి ఉంటే నన్ను క్లబ్బు నుంచి గెంటేసేవాళ్ళు, దానికైనా ఒక అంతుండేది. వాడు రెండూ చెయ్యకుండా నా మీద జాలిపడ్డాడు. తొమ్మిదేళ్ళుగా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ జాలి నా కంచంలోనే ఉంది. నేను భరించలేకపోయాను.

వాడు సంతకం పెట్టడు. పెళ్ళాం పిల్లలతో రోడ్డున పడతానని తెలిసినా పెట్టడు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఈ షరతు పెట్టాను.

బాగ్‌బేరా, 11 ఆగస్టు 1986
(సం.) బలగ ముసలయ్య

సాక్షులు: లోపల ఏముందో మేము చదవలేదు. ముసలయ్య గారు సంతకం చేయగా కళ్ళారా చూశాము.
(సం.) వరహాలు
(సం.) సూర్యం