ఒక్క ఊదుకే ఆర్పగలను

ఆదివారం, మధ్యాహ్నం

చిన్నతల్లి పిచికకు,

తాత దీవెనలు. ముందుగా నా రాతను మన్నించు. కోడి గీకినట్టు ఉంటుంది. నాకు అక్షరాలు నేర్పిన అయ్యవారు నా పలక చూసి, ఒరే, ఇది నువ్వు రాశావా, నీ మేక తొక్కిందా అనేవాడు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. మీ అమ్మకు కూడా చదివి వినిపించు, చివరి ముక్క తప్ప. అది ముందు నువ్వు చదివి, చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. నువ్వు పంపిన కాగితం అందింది. దాన్ని రెజ్యూమే అంటారని రాశావు. మా రోజుల్లో పనికి వెళ్తే చేతులు చూపించమనేవారు. ఇప్పుడు కాగితం చూపించాలి కాబోలు.

కింద నా పేరు పెట్టి, నిన్ను ఎరిగిన పెద్దమనిషినని రాశావు. నవ్వొచ్చింది. నన్ను ఇంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు. సంతకం పెట్టి పంపమన్నావు. పెట్టేముందు అంతా కూడబలుక్కుని చదివాను.

నీ పేరు, చదువు బాగున్నాయి. ఆ తర్వాత అభిరుచులు అని ఇంటర్నెట్ షాపాయన పెట్టాడట, అక్కడ ఈత, ప్రయాణాలు అని ఉంది. నువ్వు ఎప్పుడు ఈదావే తల్లీ? ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని కొట్లాడటం తప్ప నీకు నీళ్ళతో పనేముంది? ప్రయాణమంటావా, మిల్లు క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి మిల్లు క్వార్టర్స్‌కి. అవి తీసేయించు. ఎవరైనా గుచ్చి అడిగితే నీళ్ళు నములుతావు.

అనుభవం అన్నచోట, లేదు అని రాశావు. దాని సంగతి తర్వాత చెబుతాను.

అన్నిటికన్నా కింద, నీ చేతిరాతతో, ప్రత్యేక అర్హత అని పెట్టి, మూరెడు దూరంలో ఉన్న కొవ్వొత్తిని ఒక్క ఊదుకే ఆర్పగలను అని రాశావు.

అది చదివి, కాగితం మంచం మీద పెట్టి, బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను.

తల్లీ, ఆ మాట ఏ ఉద్యోగపు కాగితంలోనూ ఎవరూ రాయరు. నీకు ఇంకేమీ తోచక రాశావు, నాకు తెలుసు. రాతిపొడి మిల్లులో మనిషిని తీసుకునేటప్పుడు అదే కదా పరీక్ష. తీసుకున్నాక కూడా వదలరు. ఆరు నెలలకోసారి మేస్త్రీ గేటు దగ్గర బల్ల వేసి, కొవ్వొత్తి వెలిగించి, వరసగా అందరిచేతా ఊదిస్తాడు. ఆర్పినవాడు లోపలికి, ఆర్పలేనివాడు ఇంటికి. డాక్టరు లేడు, ఎక్స్‌రే లేదు. ఆ కొవ్వొత్తే డాక్టరు.

చిన్నప్పుడు మీ నాన్న సాయంత్రం పూట స్టూలు మీద కొవ్వొత్తి పెట్టి నిన్ను పిలిచేవాడు. ఇద్దరూ పోటీ పడేవారు. నాన్న ఓడిపోయాడు, నాన్న ఓడిపోయాడు అని నువ్వు గెంతుకుంటూ క్వార్టర్స్ అంతా చాటి వచ్చేదానివి. నేను వస్తే నన్ను జడ్జీగా కూర్చోబెట్టేదానివి. వాడికి అది ఆట కాదని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. పరీక్ష కోసం సాధన చేసుకునేవాడు. పోనుపోను కొవ్వొత్తిని జానెడు దూరానికి తెచ్చుకున్నాడు. అప్పుడూ మంట వంగేదే గానీ ఆరేది కాదు. ఒకరోజు నీకు జాలేసి, పక్కనుంచి నువ్వే ఊదేసి, నాన్న గెలిచాడని కేక పెట్టావు. అప్పుడు వాడు నావైపు చూసిన చూపు ఇంకా నా కళ్ళలోనే ఉంది. ఆ తర్వాతి పరీక్షకే వాణ్ణి ఇంటికి పంపేశారు.

ఆ లైను నేను కొట్టేశాను. పెన్సిలుతో కాదు, పెన్నుతోనే. కోప్పడకు.

నిన్న కాగితం పట్టుకుని, మీ నాన్న పోయిన ఆసుపత్రికి వెళ్ళాను. కొత్తచోట నోరు తెరవాలంటే నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. పెద్దనర్సమ్మ గది ముందు గోడకు అతుక్కుని నిలబడ్డాను. ఆవిడే బయటికి వచ్చి గుర్తుపట్టి, ఏం తాతా, మళ్ళీ ఎవరికి బాగోలేదు అని అడిగింది. మనుషులకు కాదమ్మా, ఈ కాగితానికి అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అనుభవం లేదా, దీని మొహం మండ, సిలిండరులో గాలి అయిపోతోందని మా వాళ్ళకన్నా ముందు కనిపెట్టింది ఎవరు, పక్కమంచం ముసలాయనకు అన్నం తినిపించింది ఎవరు, అవన్నీ ఏ గంగలో కలిపింది అని నన్ను కేకలేసింది, రాసింది నేనే అయినట్టు.

ఆవిడ చెబుతుంటే నేను కాగితం వెనకాల రాసుకున్నాను. అనుభవం అన్నచోట ఇలా పెట్టు. ఊపిరితిత్తుల రోగి ఒకరికి ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ మూడేళ్ళు సేవ చేశాను. మంచం మీదే ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, వేళకు మందులివ్వడం, సిలిండరు ముల్లు చూడటం వచ్చు. అంతే. ఒక్క ముక్క పెంచొద్దు, తగ్గించొద్దు. ఆ రోగి ఎవరో రాయనక్కరలేదట. మా నాన్న అని రాయనక్కరలేదట. 

ఆయా ఒకావిడ మానేస్తోందట. పెద్ద డాక్టరు ఒప్పుకోవాలి. ఆశ పెట్టుకోవద్దు, అలాగని మానుకోనూ వద్దు అంది. మలమూత్రాలు ఎత్తాలి, చావులు చూడాలి, పద్దెనిమిదేళ్ళ పిల్ల తట్టుకుంటుందా అని అడిగింది. చూసింది కదమ్మా అనబోయి, కాగితం మడుచుకుని వచ్చేశాను. 

ఇన్నాళ్ళూ మీ అమ్మ మిల్లు ఆఫీసు ఊడ్చేది కాబట్టి క్వార్టర్స్‌లో గది ఉంచారు. ఇప్పుడు ఆ పనికి వేరే మనిషిని పెట్టుకున్నారు. నువ్వు బస్తాలు కుట్టేచోట చేరితే గది నిలుస్తుందని రాశావు. బస్తాల దగ్గర దుమ్ము తక్కువని మేస్త్రీ చెప్పాడన్నావు. మీ నాన్నకూ అదే చెప్పాడు తల్లీ. మీ నాన్న చేసింది బస్తాల దగ్గరే.

గది పోతే పోయింది. నా గది ఉంది. ఒకటే గది, రేకులది, వానొస్తే ఒక మూల కారుతుంది. ఆ మూల నేను పడుకుంటాను. మీ అమ్మ కుట్టుమిషను కిటికీ కింద పడుతుంది, జానలు వేసి చూశాను.

నీ కాగితం దిద్ది పంపుతున్నాను. దీనితోపాటు ఒక తెల్లకాగితం అడుగున సంతకం చేసి పెట్టాను. పైన శుభ్రంగా టైపు కొట్టించుకుని పెద్దనర్సమ్మకు నువ్వే స్వయంగా ఇవ్వు. తల దువ్వుకుని వెళ్ళు.

ఇట్లు,
నిన్ను ఎరిగిన పెద్దమనిషి,
మీ తాత

తా.క. మిల్లు నుంచి కబురు కోసం చూడకు. రాదు. మొన్న శుక్రవారం మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. నువ్వు మిల్లులో ఇచ్చిన కాగితం వాడి జేబులో ఉంది. ఆ చివరి లైను చూపించి, ముసలాయనా, నీ మనవరాలు నీ కొడుకుకన్నా గట్టిదే, నిజంగా ఆర్పుతుందా, పూచీ నీదేనా అని నవ్వాడు. అబద్ధం అన్నాను. దానికీ తండ్రి దగ్గే పట్టింది, నెత్తురు కూడా పడుతోంది, కొవ్వొత్తి కాదు కదా అగ్గిపుల్ల కూడా ఆర్పలేదు అన్నాను. వాడితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. మీ నాన్నను ఇంటికి పంపినరోజు కూడా నాకు నోరు పెగల్లేదు. వాడు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. నీ కాగితం మడిచి నా మంచం మీద పడేసి, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమను అని వెళ్ళిపోయాడు. తెల్లారగానే నేను ఆసుపత్రికి పరుగెత్తింది అందుకే.

నీకు దగ్గు లేదు. నీ గది పోయింది నా నోటివల్ల. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి పెద్దనర్సమ్మ చెవిన పడితే ఈ పని కూడా పోతుందేమోనని ఇప్పుడు భయంగా ఉంది. అప్పుడు తోచలేదు. అప్పుడు నాకు ఆ కొవ్వొత్తి ఒక్కటే కనిపించింది. తిట్టాలంటే తిట్టు, కానీ తిట్టడానికైనా సరే, వెంటనే జాబు రాయి.