అరిగిన పళ్ళు

మంగళవారం, రాత్రి

"నువ్వు విశాఖ ఎల్లన్నయ్యా, అమ్మను రోజూ నేను సూసొత్తాను" అని తమ్ముడు సింహాచలం ఇరవై ఏళ్ళ కిందట మాటిచ్చాడు. కలకత్తాలో వాడుండే భవానీపూర్ నుంచి అమ్మ ఉండే ఏక్‌బాల్‌పూర్ రావడానికి వాడికి గేర్ల సైకిలు కొనిచ్చాను. అమ్మ పోయాక నేను కలకత్తా తిరిగొచ్చేస్తే, గేర్లు మొదటి వారమే చెడిపోయాయని, సైకిలు మూల పడిందని, అందుకే రాలేకపోయానని ఏడ్చాడు. నమ్మి క్షమించాను. సైకిలు తెచ్చి నా వరండాలో గోడకు తగిలించాను. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ఇవాళ మనవరాలి కోసం దాన్ని ఖిదిర్‌పూర్‌లో అప్పన్న కొట్టుకు తీసుకెళ్ళాను. కొత్త గేర్లు దండగ, పాతవి పీకేసి వెనక ఒక్క పళ్ళ చక్రం ఉంచి చెయిను కుదించమన్నాను. అప్పన్న వెనక చక్రం విప్పి నవ్వాడు.

"ఏటి మాస్టారూ, మూల పడున్న సైకిలన్నారు? ఈ పళ్ళు సూడండి, సూదుల్లాగ అరిగిపోనాయి. ఏళ్ళ తరబడి రోజూ తొక్కితేగాని ఇలగవ్వదు."

అరగని చక్రం ఒకటి ఉంచి బిగించాడు. ఇప్పుడు తేలిగ్గా నడుస్తోంది.

అన్ని పుస్తకాలు చదివాను గానీ, ఆ సైకిలును ఒక్కసారి వంగి చూడలేదు. వీధిలో సైకిలు గంట మోగితే వాడొచ్చాడని అమ్మ మంచం మీద లేచి కూర్చునేదట. సైకిలు రోజూ తిరిగింది, అమ్మ ఉన్న వైపు తప్ప. ఇన్నేళ్ళూ గేర్లను తిట్టుకున్నాను. అవేం చేశాయి పాపం. చేసింది సింహాచలం.