సీటు కింద రిలే

జూలై 17

గోడకి గుద్దాను. రెండుసార్లు. కణుపులు పగిలి రక్తం వచ్చింది. నొప్పి మాత్రం రాలేదు. దానికి ఇంకా కోపం.

నిన్న బావని సమాధి చేశాం, కొండపల్లిలో. పాస్టరు గారు "ప్రభువు పిలుచుకున్నాడు" అన్నారు. ఆయన గొంతు పట్టుకుందామనిపించింది. ఎవరూ పిలవలేదు. బావ బుల్బుల్ కారుతో సహా బందరు కాలువలో పడ్డాడు. అద్దం దిగలేదు, తలుపు రాలేదు, చచ్చిపోయాడు. అంతే.

రూతక్క ఏడవడం లేదు. వచ్చినవాళ్ళకి కాఫీలు అందిస్తోంది. అక్కని అలా చూడడం నా వల్ల కావడం లేదు.

జూలై 18

మార్చురీలో చూసింది రాసెయ్యాలి. లేకపోతే తల పగిలిపోయేలా ఉంది.

కుడి మోచెయ్యి విరిగింది. పిడికిలి నల్లగా ఉబ్బింది. రెండు గోళ్ళు లేవు. నుదురు చీలింది... చేతులతో కాక చివరికి తలతో కొట్టినట్టున్నాడు. థర్మల్ స్టేషన్‌లో ఇరవై ఏళ్ళు కాంట్రాక్టు పని చేసి ఒక్క సూపర్‌వైజర్ మీద కూడా గొంతు లేపని మనిషి. చివరికి ఒక అద్దంతో కొట్లాడి చచ్చిపోయాడు.

కాలవ గట్టున గడ్డి కోసుకునే ఆయన చెప్పాడు. "ఇసుక లారీ మీదకొచ్చిందండీ, ఈయన పక్కకి కోశాడు, జారిపోయింది. కాసేపు తేలిందండీ బండి. లోపల్నుంచి గుద్దతానే ఉన్నాడు. మజ్జమజ్జలో కిందకి వంగి ఏదో నొక్కతన్నాడు. మేం ఈదుకుంటా పోయేసరికి..."

ఏదో నొక్కుతున్నాడు.

ఆ కంపెనీ వాణ్ణి చంపెయ్యాలి. ఎవడో ఒకణ్ణి.

జూలై 20

చర్చికి పోలేదు.

బుల్బుల్ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చారు. సుబ్బారావు మాస్టారు నడుపుతారు దాన్ని, రిటైరయిన లెక్కల మాస్టారు. విజయవాడలో మొదటి బుల్బుల్ ఆయనదేనట. పొద్దున్నించీ రెండొందల మెసేజీలు. సగం మంది కంపెనీని తిడుతున్నారు, సగం మంది బండిని మెచ్చుకుంటున్నారు, ఇద్దరూ ఒకళ్ళే.

"మైలేజీలో దీన్ని మించింది లేదండీ."

"ఏసీ వేస్తే కొండపల్లి కోట రోడ్డు ఎక్కదు. దిగి తొయ్యాలి."

"డోరు గట్టిగా వేస్తే అద్దం రాలుద్ది, మెల్లగా వేస్తే పడదు."

"మా అమ్మాయిని కాన్పుకి తీసుకెళ్ళింది దీంట్లోనే. దీన్నేమన్నా అంటే ఊరుకోను."

బావ కూడా ఇలాగే ఉండేవాడు. నేను రేకు డబ్బా అంటే నవ్వి, బానెట్ మీద చెయ్యి వేసి తుడిచేవాడు.

జూలై 21

మాస్టారు పెద్ద మెసేజ్ పెట్టారు. బుల్బుల్ చరిత్రంట. చదవకూడదనుకుని మొత్తం చదివాను.

మొదటి బండ్లు లారీలో దిగిన రోజు బందరు రోడ్డు షోరూమ్ ముందు మేళం పెట్టించారట. జనం అద్దాలకి ముక్కులు ఆనించి చూశారట. హోర్డింగు మీద "తలుపు తియ్యండి. లోకం మీది." ఎవరో వాడి వదిలేసిన బండి తప్ప కొనలేనివాళ్ళకి కొత్త బండి తాళం చేతికొచ్చింది. గుమస్తాలు, నర్సులు, చేపల వ్యాపారులు. అప్పట్లో బేస్ మోడల్ ఒక్కటే. తర్వాత కంపెనీకి ఆశ పుట్టింది, బటన్ల మోడల్ తెచ్చింది. బేస్ మోడల్ వాళ్ళకి నామోషీ మొదలయింది. తర్వాత రూల్సు మారాయి, కంపెనీ చేతులెత్తేసింది, బండి ఆపేసింది. షోరూమ్‌లో ఇప్పుడు ఇంకేదో బండి అమ్ముతున్నారు, వెనక షెడ్డులో మనకి సర్వీసు.

చివర్లో ఆయన రాసింది — "మన ప్రభుదాసు గారి చావుకి కంపెనీ సమాధానం చెప్పాలి. ఇరవై ఎనిమిదిన షోరూమ్ ముందు ఒక బుల్బుల్‌ని అందరం కలిసి సుత్తులతో పగలగొడదాం. పేపర్ వాళ్ళని పిలుస్తాను. పోలీసు పర్మిషన్ నా పేరు మీద తీసుకుంటాను."

మొదటి దెబ్బ నేను వేస్తానని రాశాను. అందరూ దణ్ణాలు పెట్టారు.

జూలై 22

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయను. ఎవరికీ చెప్పను.

బుల్బుల్ బేస్ మోడల్‌కి అద్దాలు చేత్తో తిప్పాలి. తలుపుకి హ్యాండిల్ ఉంటుంది. కరెంటుతో పని లేదు. నీళ్ళలోనైనా తిప్పితే దిగుతుంది. బావ బండికి ఆ హ్యాండిళ్ళు పీకేసి మోటార్లు, సీట్ల మధ్య బటన్లు పెట్టింది నేను. ఆటోనగర్‌లో నా షాపు నడిచేదే ఆ పని మీద. బేస్ మోడల్ కొన్న ప్రతివాడికీ అది టాప్ మోడల్‌లా కనపడాలి. బటన్లు, వీల్ కప్పులు, వెనక మెరిసే అక్షరాలు. చర్చి ముందు బండి ఆపి చెయ్యి గుండ్రంగా తిప్పుకుంటూ అద్దం దించితే అందరూ చూస్తారని అక్క ఒకసారి అంది. అక్క అడగలేదు, ఊరికే అంది. నేనే వాళ్ళ పెళ్ళిరోజుకి పెట్టిస్తానన్నాను.

మోటార్లకి కరెంటు పంపే రిలే అని అగ్గిపెట్టెంత డబ్బా ఉంటుంది, అది తడిస్తే అద్దాలు కదలవు. దాన్ని డ్యాష్‌బోర్డు లోపల పైన పెట్టాలి. అంటే డ్యాష్ విప్పాలి. రెండు గంటల పని. వాళ్ళింటి ముందే కూర్చుని చేస్తున్నాను. కోడికూర వాసన. "శామూ, అన్నం చల్లారిపోతంది రా" అని లోపల్నుంచి అక్క. సీటు కింద నేల మీద పెట్టేశాను. పైన కార్పెట్ కప్పాను.

నీళ్ళు ముందు చేరేది అక్కడికే.

జూలై 23

లారీ డ్రైవరు ఎవడో వెనకనించి హారన్ కొట్టాడు. కిందకి లాగి కొట్టాను. వాడిది ఇసుక లారీ కూడా కాదు, బియ్యం లారీ.

జూలై 25

పగలగొట్టడానికి బండి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. దరిద్రపు బండి అన్నవాడే "మా ఆవిడ ఒప్పుకోదండీ" అంటున్నాడు. కంపెనీని తగలబెట్టాలన్నవాడు మొన్ననే కొత్త టైర్లు వేయించాడట. రెండు రోజులు గ్రూపంతా నిశ్శబ్దం. చివరికి మాస్టారే... "నాది తీసుకోండి. దాన్ని కొన్నప్పుడు మొదట నేనే, పోయేటప్పుడు కూడా నేనే."

ఆయన బండి నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఇప్పటికీ హ్యాండిళ్ళే.

జూలై 28

రాయాలని లేదు. అయినా రాస్తాను.

నలభై మంది వచ్చారు. మాస్టారు బండిని కడిగి తీసుకొచ్చారు. పగలగొట్టబోయే బండిని కడిగారు. అద్దానికి నిమ్మకాయ కూడా ఉంది. తాళం నా చేతికిచ్చి అటు తిరిగి నుంచున్నారు.

సమ్మెట ఎత్తాను. మొదటి దెబ్బకే బండి ముందు అద్దం సాలెగూడులా అయి లోపలికి కూలింది. రెండోది బానెట్ మీద. మూడోది డ్రైవరు తలుపు మీద. ఆ తలుపుని ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. లోపలి హ్యాండిల్ ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. కాలితో తన్నాను. జనం అరుస్తున్నారు. ఒంట్లో వేడి... బాగుంది. నిజం చెప్తున్నాను, బాగుంది.

అప్పుడు షోరూమ్ మేనేజరు కిషోర్ బయటికొచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, తెల్ల చొక్కా, చేతులు జోడించుకుని. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, నలుగురిలో నా పరువు కాపాడుతున్నట్టు.

"మీరు ప్రభుదాసు గారి బావమరిది గారు గదండీ. పోలీస్ స్టేషన్‌లో బండి చూసొచ్చానండీ. అది మా బేస్ మోడల్. దానికి బటన్లు రావండీ. ఎవరు పెట్టా—"

కొట్టాను. సమ్మెట చేతిలోనే ఉంది. ఇనుము వైపు కాదు, కర్ర వైపు. నోటి మీద. ఏదో విరిగిన చప్పుడు కర్రలోంచి నా మోచేతి దాకా వచ్చింది. పడ్డాడు. పడ్డాక ఇంకో రెండు. తర్వాత జనం వాడి మీద పడ్డారు, నేను వెనక్కి జరిగాను. తెల్ల చొక్కా ఒకసారి కనపడింది, మళ్ళీ కనపడలేదు.

ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. అందరూ వాడు డబ్బు ఆశ చూపించాడనుకుంటున్నారు. నేను కాదనలేదు.

జూలై 29

కిషోర్‌కి దవడ రెండు చోట్ల విరిగింది. ఎడమ కన్ను ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. మూడు నెలల పాప ఉందట.

జూలై 30

పోలీసులు మాస్టారుని తీసుకెళ్ళారు. పర్మిషన్ ఆయన పేరు మీద ఉంది గనక. గ్రూపులో ఎవరూ నా పేరు చెప్పలేదు. వీడియోలన్నీ వెనకనించి తీసినవి. సమ్మెట కనపడుతోంది, నా ముఖం కనపడటం లేదు.

స్టేషన్ బయట మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి షుగరు, బాబూ. టైముకి తినాలి. ఈగని కూడా కొట్టరు ఆయన. నువ్వు చూశావు గదా, చెప్పు వాళ్ళకి." చెప్తానండీ అన్నాను. ఆవిడ పట్టుకున్న చేతికి కణుపులు ఇంకా మానలేదు. "అయ్యో, ఏమైంది నాయనా" అని ఊదింది.

లోపలికి వెళ్ళాను. పేరు, ఊరు రాయించుకున్నారు. ఇంకేమీ చెప్పకుండా వచ్చేశాను. తుపుక్కున నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలి.

ఆగస్టు 1

బుల్బుల్ బేస్ మోడల్ ఒకటి షాపు ముందు ఆగింది. పామర్రు నించి, చేపల వ్యాపారి. వెనక సీట్లో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు.

"బటన్లు పెట్టాలండీ. మీరు బాగా చేస్తారని చెప్పారు."

"పెట్టను."

"ఎక్కువైనా ఇస్తానండీ."

"హ్యాండిళ్ళు ఉండనియ్యి."

"నామోషీగా ఉందండీ, పిల్లలు..."

వాణ్ణి కాలర్ పట్టి బండికి అదిమాను. పిల్లలు ఏడ్చారు. "కాలవ గట్టు మీద తిరిగేవాడివి, నీకు బటన్లు కావాలా" అని అరిచాను. పిచ్చివాణ్ణనుకుని వెళ్ళిపోయాడు. తిన్నగా రెండు షాపుల అవతల ఆపాడు. అక్కడ పెడుతున్నారు. ఇక్కణ్ణించి కనపడుతోంది. డ్యాష్ విప్పడం లేదు.

కొత్త మోటార్ల పెట్టె దించి ఒక్కొక్కటే సుత్తితో పగలగొట్టాను. మూడోదానికి బొటనవేలు నలిగింది. నాలుగోది కూడా కొట్టాను.

ఆగస్టు 3

బావ పోయిన నలభయ్యో రోజుకి ఆదరణ కూడిక పెట్టుకుందామని అక్క ఫోన్ చేసింది. పాస్టరు గారి తర్వాత నన్ను మాట్లాడమంది. "బావ గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలవదు" అంది.

ఆగస్టు 5

ఎస్సై గారు ఫోన్ చేశారు. కిషోర్ దవడకి తీగలు వేశారు, మాట రాదు. కాగితం ఇస్తే రాస్తానన్నాడట. రేపు పది గంటలకి ఆస్పత్రిలో స్టేట్‌మెంట్. "మీరు కూడా అందుబాటులో ఉండండి" అన్నారు. మామూలుగానే అన్నారు. మాస్టారు ఇంకా లోపలే ఉన్నారు.

వాడు ఏం రాస్తాడు? నేను కొట్టానని రాస్తాడు. అది పర్లేదు. ఎందుకు కొట్టానో రాస్తే... అక్కకి చదివి వినిపిస్తారు.

ఆస్పత్రికి ఇప్పుడే పోతే? రేపటిదాకా ఎందుకు. వాడు ఒక్కడే ఉంటాడు, పక్కన పసిపిల్లతో ఒక ఆడమనిషి. ఈ ఆలోచన నాకే వచ్చింది. ఎవరో చెప్తే వచ్చింది కాదు. రాశాను, చూసుకో.

ఆగస్టు 5, మళ్ళీ

మధ్యాహ్నం అక్క షాపుకొచ్చింది. కొండపల్లి నించి బస్సులో, ఎండలో. బావ పోయాక ఇల్లు కదలడం ఇదే మొదలు. స్టూలు మీద కూర్చుంది. బ్యాగులోంచి పేపరు పొట్లం తీసి బల్ల మీద విప్పింది.

రెండు హ్యాండిళ్ళు. బావ బండివి. పీకేసిన రోజు చెత్తలో వెయ్యబోతే బావ తీసుకున్నాడు. "ఉండనియ్యరా, ఎప్పుడన్నా పనికొస్తయ్యి" అన్నాడు.

"షోకేసు కింద ఉన్నయ్యి రా" అంది అక్క. "ఇవి చూసిన కాడ్నించి నాకొకటి గుర్తొస్తంది. ఆ రోజు నువ్వు బండిలో సీటు కింద దూరి ఉంటే బావ నిన్నొకటి అడిగాడు. కరెంటు పోతే ఈ అద్దాలు ఎట్లా దిగుతయ్యి రా అని. నేను వంటింట్లోంచి విన్నా. నువ్వేం చెప్పావో వినపళ్ళేదు. కుక్కరు కూసింది."

నా ముఖంలోకే చూస్తోంది. కోపం లేదు. కోపంగా చూస్తే బాగుండేది.

"ఏం చెప్పావురా, శామూ?"

టీ తెస్తానక్కా అని లేచొచ్చాను.

టీ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. ఇది ఇక్కడొక్కచోటే ఉంది, రాసేస్తాను. "ఆకలేస్తంది బావా, రేపు చూద్దాం" అన్నాను. బావ సరేనన్నాడు. రేపు చూడలేదు. ఆ తర్వాత బావ మళ్ళీ అడగలేదు, నేను చేశానంటే సరిగ్గానే చేసి ఉంటానని.

రెండు టీలు ముందున్నాయి. తెట్టు కట్టాయి. ఇక్కణ్ణించి షాపు కనపడుతోంది. అక్క కదల్లేదు. ఒక హ్యాండిల్ చేతిలోకి తీసుకుంది. తలుపు ఉన్నట్టే గాలిలో పెట్టి మెల్లగా తిప్పుతోంది. ఆపి ఇటు చూసింది.

మళ్ళీ తిప్పుతోంది.