మధ్య బెర్తు దిండు

మార్చి 4
పొద్దున దిండు మీద పొడవాటి వెంట్రుక కనిపించింది. నాదే. తీసి నవలలో పెట్టేశాను. ఈ సబ్‌మెరైన్ మ్యూజియం అయ్యాక నావికుల గదిలో నిద్రపోయేది నేనొక్కదాన్నే. టూర్లు లేని మధ్యాహ్నాలు మధ్య బెర్తులోకి దూరి, గోడవైపు తిరిగి, చదువుకుంటూ కునుకు తీస్తాను. పదిమందితో మాట్లాడే గైడు ఉద్యోగం నాకెలా దొరికిందో!

మార్చి 5
ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు వచ్చారు. ఆవిడ భర్త ఇందులోనే మెకానిక్‌గా చేశారట. మధ్య బెర్తు ఆయనదేనట. నా పాఠం నేను వల్లించాను: చోటు చాలక ఇద్దరికి ఒకే బెర్తు, ఒకరు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చదనంలోనే రెండోవారు పడుకునేవారు. ఆవిడ వినలేదు. దిండు మీది గుంటలో అరచెయ్యి పెట్టింది. చూడవే, మీ నాన్న ఎప్పుడూ గోడవైపే తిరిగి పడుకునేవారు, గుంట కూడా అటే ఉంది అంది. కూతురు వంగి దిండుకి చెంప ఆనించింది. తలలో నెరిసిన వెంట్రుకలున్న మనిషి, చంటిపిల్లలా.

ఆ గుంట నిన్న మధ్యాహ్నంది. నాది.

వాళ్లకి తర్వాతి గది దారి చూపించాను.

మార్చి 6
పెద్దావిడ గుంటని పోల్చుకున్న సంగతి మేనేజర్‌గారికి తెలిసిపోయింది. దిండు కదలకుండా బెర్తుకి గాజు బిగిస్తారట, పక్కన బోర్డు పెడతారట. నావికుల గుర్తుల కోసం చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం కదమ్మా, నువ్వేమో పుస్తకంలోంచి తల ఎత్తవు అన్నారు.

తల పెట్టింది పుస్తకంలోనే అయితే బాగుండేది.

మార్చి 8
ఇవాళా చెప్పలేదు.

మార్చి 11
పెద్దావిడ ఒక్కతే వచ్చింది. గాజు బిగించే అతను కొలతలు తీసుకుంటున్నాడు. అతను అటు వెళ్లగానే గబగబా చెప్పేశాను. గుంట నాదండీ, మధ్యాహ్నాలు నేనే పడుకుంటాను, తప్పయిపోయింది. స్కూల్లో సిస్టర్ ముందు నిలబడ్డట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆవిడ నవ్వేసింది. పిచ్చిమొహమా, ఇన్నేళ్లు గుంట నిలుస్తుందా, ఆ రోజే నీ వెంట్రుక నా చేతికి తగిలింది, ఇకనైనా జడ ముడేసుకుని పడుకో అంది. ఆయన పోయేనాటికి కూతురు కడుపులో ఉందట. తండ్రిని ముట్టుకున్నానన్న తృప్తి దానికి మొన్నే దొరికింది, అది నీ నిజంతో పాడుచెయ్యకు అంది. అయినా ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునే చోటేగా, ఆయన లేచారు, నువ్వు పడుకున్నావు, దానికి ఏడుపెందుకే? గుంట ఎవరిదైతేనేం, దిండు ఆయనదేగా, నాకదే చాలు అని నా బుగ్గ నిమిరింది.

తలూపాను.

మార్చి 13
గాజు బిగించారు. కూతురు తన పిల్లల్ని తీసుకొచ్చి, తాతయ్య దిండు అని చూపించింది.

అది నా హాస్టల్ గదిలోని దిండు. ఆయనది బూజు వాసన వేస్తోందని, నిద్ర పట్టడం లేదని, జనవరిలో చెత్తబండిలో వేశాను.