మార్సెలాన్ తాత కుక్క

షెటికాం,
జూన్ మొదటివారం

అమ్మకు,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ ఇంటి ఎర్రకోడి గుడ్లు పెట్టడం మాని పదవీ విరమణ చేసినది. ఖాళీని ఎవరితో నింపాలన్నది పుంజుగారి పరిశీలనలో ఉన్నది. తక్కిన అందరం కులాసా. హాలిఫాక్స్ ఆస్పత్రిలో నీకు నర్సుల మీద అరిచే ఓపిక వచ్చిందంటే కాలు నయమవుతున్నట్టే. ఫోనులో నేనొకటంటే నీకొకటి వినబడుతుంది కనుక రాస్తున్నాను.

నువ్వడిగిన పైకప్పు బాగుచేయించాను. "మనింట్లో దిగిన ఆ ఆడమనిషి ఎవర్రా, నువ్వు తప్ప ఊరంతా చెబుతోంది" అన్నావు. చెబుతాను.

ఆమె పేరు కొరిన్. అరవయ్యేళ్లుంటాయి. మసాచుసెట్స్ నుంచి వాళ్ల నాన్న బూడిదను చిన్న డబ్బాలో పెట్టుకుని వచ్చింది. "నన్ను షెటికాంలో మనవాళ్ల పక్కన పెట్టు" అన్నాడట పోయేముందు. ఆ మనవాళ్లెవరో చెప్పకుండానే పోయాడు. నాన్నా జోసెఫే, తాతా జోసెఫే అని కాగితాల్లో చూసుకొచ్చి, సమాధుల తోటంతా జోసెఫ్ కోసం వెతికింది పిచ్చిది. ఇక్కడ జ్ఞానస్నానం నాడు ప్రతి మగపిల్లవాడి నెత్తిన ముందు జోసెఫ్ అనే పోస్తారనీ, ఆ పేరు పెట్టి పిలిస్తే నాతో సహా ఏ వెధవా పలకడనీ ఆమెకెవరు చెబుతారు?

"అక్కా, ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు?" అన్నాను.

"నాన్నని ఆల్ఫే అని. తాతని సిమోన్ అని."

"ఎవరి సిమోన్?"

"ఎవరి సిమోన్ ఏంటి? సిమోన్ షియసాన్."

"సగం ఊరి ఇంటిపేరు షియసానే. ఆ పేరుతో అడిగితే నన్ను నా పెళ్లామే గుర్తుపట్టదు. తాత పేరూ నాన్న పేరూ కలిపి మార్సెలాన్ గారి ఫుల్జాన్స్ గారి ఒజీమ్ అంటేనే నేను."

ఆ రోజుల్లో మసాచుసెట్స్ పోయిన సిమోన్లు ముగ్గురు. ఇద్దరి తాలూకు మనుషులు ఇక్కడ ఎవరూ మిగల్లేదు. మూడోవాడు మా పెదనాన్న, మార్సెలాన్ తాత పెద్దకొడుకు, నాన్న పుట్టకముందే వెళ్లిపోయినవాడు. ఈమె తాత ముగ్గురిలో ఎవరో!

సమాధుల తోట పెత్తనం అతనాజ్‌ది కదా. "ఎవరి మనిషో తేలకుండా ఎవరి వరసలోనూ తవ్వనివ్వను. కంచె పక్కన, పేరు లేనివాళ్ల దగ్గర పెట్టుకోమను" అన్నాడు.

కొరిన్ డబ్బాను గుండెకు హత్తుకుంది. "నాన్న బతికినన్నాళ్లూ పరాయివాళ్ల మధ్యే ఉన్నాడండీ."

అతనాజ్ కాస్త మెత్తబడ్డాడు. "మీ తాత గురించి ఏమన్నా గుర్తుందా?"

"అన్నిట్లోనూ చెరకుపాకం పోసుకు తినేవాడు."

"ఈ ఊళ్లో ఎవడు తినడమ్మా!"

"పెంచిన ప్రతి కుక్కకీ బిషప్ అని పేరు పెట్టేవాడు."

అతనాజ్ సిలువ గుర్తు వేసుకున్నాడు. నేను బల్ల మీద గుద్దాను.

"అదీ! మార్సెలాన్ తాత కుక్క పేరూ బిషప్పే! నల్లది. ఫాదర్ గారు ఇంటికొస్తే, 'బిషప్, లేచి ఆయనకి చోటివ్వు' అనేవాడట. నానమ్మ చెప్పిందని మా అమ్మ చెప్పింది."

అతనాజ్ నన్ను ఎగాదిగా చూశాడు. "నీ తాత అలాంటివాడేలే. ఆ వంకర మీ రక్తంలోనే ఉంది. పోయి తవ్వుకోండి."

నాన్న పక్కన నీ చోటు భద్రంగానే ఉంది, కంగారుపడకు. ఇవతలి పక్క, నాకనుకున్నది ఆల్ఫేకిచ్చాను. పోవడానికి నాకిప్పుడే తీరిక లేదు. ఆదివారం పూడ్చేటప్పుడు ఫాదర్ గారు "మార్సెలాన్ గారి సిమోన్ గారి ఆల్ఫే" అని చదివితే కొరిన్ పెదాలు కూడా కదిలాయి. ఇప్పుడు కొట్టు దగ్గర ఎవరమ్మా నువ్వు అంటే చాలు, ఆ వరసంతా ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతోంది. వయసులో నాకంటే పెద్దది, వరసకి కూతురు. చిన్నాన్నా అని పిలుస్తోంది. నేనూ సిగ్గులేకుండా పలుకుతున్నాను.

ఇంతవరకూ దాచిందొకటుంది. కళ్లు చూపించుకోవడానికి అతనాజ్ వచ్చేవారం హాలిఫాక్స్ వస్తున్నాడు. నిన్ను పలకరిస్తాడు, కుక్క సంగతి ఎత్తుతాడు. నల్లదని చెప్పు. ఆమె తాత మన సిమోనో కాదో నాకు తెలియదమ్మా. కావచ్చు కూడా. కానీ ఎవరో ఒకరు మావాడే అనకపోతే ఆ ఆల్ఫే కంచె పక్కన పడుండేవాడు. ఆమె తాత కుక్కలు ఆమెకు తెలుసు, అవి నిజమే. మార్సెలాన్ తాతంటావా, కుక్క ఎదురైతే దారి మార్చుకుని పోయేవాడు. ఆయన ఇంట్లో కుక్కన్నదే లేదు. ఆ నల్ల బిషప్‌ని అక్కడికక్కడ నేనే పుట్టించాను.

ఇట్లు,
నీ కొడుకు, కొరిన్ చిన్నాన్న,
ఒజీమ్